వడోద్ గల్లీల్లో వాసన పుస్తకం

(ప్రపంచ పర్యావరణ దినోత్సవం సందర్భంగా సూరత్‌లో జరిగిన మన బ్యాంకు తెలుగు సిబ్బంది కుటుంబాల సమావేశంలో, వడోద్‌కు చెందిన ఒక యువ పర్యావరణ కార్యకర్త చేసిన ప్రసంగం)



నన్ను "పర్యావరణ కార్యకర్త" అని పరిచయం చేశారు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ వాడరు. మా అమ్మ లెక్కలో నేను గల్లీలు పట్టుకుని తిరిగే పిల్లను. మా నాన్న కొంచెం మర్యాదగా "మా బిడ్డ ఏదో రాసుకుంటది" అంటాడు. ఆయన మాటే నిజానికి దగ్గరగా ఉంది. ఈ మూడేళ్ళలో నేనూ, మా గల్లీ ఆడవాళ్ళూ చేసిన పనిలో సగం రాసుకోవడమే. ఏం రాశాం, ఎందుకు రాశాం, దానివల్ల ఏం జరిగింది, ఏం జరగలేదు అన్నదే ఈ రోజు మీతో చెప్తాను. జరగనివి కూడా ఉన్నాయి, వాటిని దాచను.

రెండు ఖాతాల ఊరు

సూరత్‌లో చాలా ఏళ్ళుగా ఉంటున్నవారు కూడా వడోద్ ఎక్కడ అని అడుగుతుంటారు. నగరానికి దక్షిణాన పాండేసరా, భేస్తాన్, బమరోలీల నడుమ ఉంటుంది. ఒకప్పుడు పల్లె. ఇప్పుడు గదుల ఊరు. ఒకదాని మీద ఒకటి కట్టిన అద్దె గదులు, కింద కిరాణా కొట్టు, పైన బట్టలు ఆరేసిన తీగలు. పక్కనే పాండేసరా పారిశ్రామికవాడ. అక్కడ బట్టకు రంగులు అద్దే మిల్లులు, వాటి బాయిలర్ల పొగ గొట్టాలు ఉంటాయి. మా మేడ మీద అప్పడాలు ఎండబెట్టుకోవాలంటే ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి.

మీకు ఖాతా అంటే పాస్‌బుక్, లెడ్జరు. మా దగ్గర ఖాతా అంటే మరమగ్గాల కార్ఖానా. "మీ నాన్న ఏ ఖాతాలో ఉన్నాడు?" అని ఎవరైనా అడిగితే బ్యాంకు పేరు చెప్పకూడదు, కార్ఖానా పేరు చెప్పాలి. మా నాన్న సిరిసిల్ల నుంచి 1990ల మొదట్లో ఇక్కడికి వచ్చాడు. అక్కడ సాంచెలు నడిపినవాడే, ఇక్కడా సాంచెలే నడిపాడు. పన్నెండు గంటల షిఫ్టు, వారం పగలు, వారం రాత్రి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరంలో ఎన్నో తరాలుగా ఉన్నాయి. సూరత్ నగరపాలక బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉండటానికి కారణం ఈ కుటుంబాలే. ఇక్కడ పుట్టి పెరిగిన నేను మీతో ఈ మాత్రం తెలుగులో మాట్లాడగలుగుతున్నానంటే ఆ బడి చలవే.

మా గల్లీలో తెలుగువాళ్ళం తక్కువ. గంజాం జిల్లా ఒడియావాళ్ళు, ఉత్తరప్రదేశ్, బీహార్‌ల వాళ్ళు, మరాఠీవాళ్ళు ఎక్కువ. పంపు దగ్గర నాలుగు భాషల్లో కొట్లాట, పండగకు నాలుగు రకాల మిఠాయి.

సూరత్ ఒకసారి చేసి చూపించింది

పర్యావరణం అనగానే మనకు అడవులు, పులులు గుర్తొస్తాయి. సూరత్‌లో పర్యావరణం అంటే ముందు మురికి కాలువే. 1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు వచ్చింది. లక్షలమంది రైళ్ళెక్కి ఊరు విడిచి పోయారు. మా నాన్న కూడా ఆ రైళ్ళలో ఒకదానిలో నిలబడి కరీంనగర్ వైపు పోయాడట. ఊళ్ళో వాళ్ళు దూరం నుంచే మాట్లాడారట. రెండు నెలలకు తిరిగి వచ్చాడు. పొట్ట ఊరుకోదు కదా.

ఆ తర్వాత 1995లో నగరపాలక కమిషనరుగా సూర్యదేవర రామచంద్రరావు గారు వచ్చారు. సూరత్ వాళ్ళకు ఆయన ఎస్.ఆర్. రావు. పేరు వింటేనే మనవాడని తెలుస్తుంది. అధికారులు రోజూ గదులు వదిలి వీధుల్లోకి రావాలని పట్టుబట్టారు. ఏసీ గదుల నుంచి రోజువారీ పనుల్లోకి అనే అర్థంలో దానికి "ఏసీ టు డీసీ" అని పేరు పెట్టారు. చెత్త ఎత్తే వేళలు, జ్వరాల లెక్కలు, కొట్ల శుభ్రత, అన్నీ వార్డు వారీగా రాయడం మొదలైంది. రెండేళ్ళు తిరిగేసరికి నగరం ముఖమే మారింది. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2020 నుంచి వరుసగా మూడేళ్ళు రెండో స్థానంలో ఉన్న సూరత్, 2023 సర్వేలో ఇందౌర్‌తో కలిసి మొదటి స్థానం పంచుకుంది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, "ఈ దేశంలో ఏదీ మారదు" అనేవాళ్ళకు జవాబు మనం నిలబడ్డ ఈ నేలే. అయితే ఊడ్చిన రోడ్డు కంటికి కనపడుతుంది. రాత్రి రెండు గంటలకు ఖాడీలో ఏం కలిసిందో కనపడదు. ఖాడీ అంటే వాగు. మీఠీ ఖాడీ, భేద్వాడ్ ఖాడీ, కాంకరా ఖాడీ, ఇలా ఎన్నో ఈ నగరం గుండా పారుతున్నాయి. వానాకాలంలో అవి పొంగితే ఒడ్డున ఉన్న గుడిసెలు, గదులు మునుగుతాయి. ఎండాకాలంలో వాటిలో పారేదానికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు.

2022 జనవరి 6

నేను అప్పుడు బీఎస్సీ రసాయనశాస్త్రం రెండో సంవత్సరం. ఆ తెల్లవారుజామున మాకు కొన్ని కిలోమీటర్ల దూరంలోని సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరు నుంచి రసాయన వ్యర్థాలను దొంగచాటుగా కాలువలోకి వదులుతుండగా విషవాయువు లేచింది. పక్కనే ఉన్న మిల్లులో పనిచేసే ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఇరవైమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే గాలి పీల్చారు.

మా తరగతిలో హైడ్రోజన్ సల్ఫైడు పాఠం అప్పటికే అయిపోయింది. సల్ఫైడు ఉన్న మురుగులో ఆమ్లం కలిస్తే ఆ వాయువు పుడుతుంది. కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్ల వాసన. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలిసే శక్తే పోతుంది. అంటే "వాసన తగ్గింది, ప్రమాదం పోయింది" అనుకునే సమయానికే ప్రమాదం ఎక్కువ. పరీక్షలో దీనికి రెండు మార్కులు. ఆ వారం మా గల్లీలో ఇది చావుబతుకుల సంగతి అయింది. ఎందుకంటే ట్యాంకర్లు మా వైపూ వస్తాయి. రాత్రిపూట ఖాడీ పక్కన ఇంజను ఆపకుండా నిలబడే లారీని మా గల్లీలో చూడనివాళ్ళు లేరు.

ఎందుకిలా చేస్తారు? లెక్క సులువు. మీరు లెక్కల మనుషులు, వెంటనే అర్థమవుతుంది. ప్రమాదకర వ్యర్థాన్ని పద్ధతి ప్రకారం శుద్ధి చేయించాలంటే లీటరు లెక్కన ఖర్చు. చీకట్లో కాలువలో వదిలితే డ్రైవరు బత్తా, డీజిలు. మిగిలిన ఖర్చు ఎటూ పోదు. అది మిల్లు పద్దులో నుంచి మాయమై మా గల్లీ పద్దులో పడుతుంది, దగ్గుగా, దద్దుర్లుగా, ఆ రోజు కోల్పోయిన కూలిగా.

వాసన పుస్తకం

అందరం కలిసి ధర్నా చేద్దామన్నారు కుర్రాళ్ళు. మా గల్లీలో ఒక ఒడియా మౌసీ ఉంది. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అతికించే పని. ఆమె ఒక్క మాట అడిగింది. "ధర్నాలో ఏం చెప్తారు? వాసన వస్తోందనా? ఏ రోజు, ఎన్ని గంటలకు అని అడిగితే?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ సాయంత్రం కిరాణా కొట్టులో ఇరవై రూపాయల నోటుపుస్తకం కొన్నాం. గడులు గీశాం: తేదీ, గంట, గాలి ఏ వైపు నుంచి, వాసన ఎలాంటిది, ఖాడీ నీళ్ళ రంగు, ఆ రోజు ఇంట్లో ఎవరికైనా కళ్ళ మంట, వాంతి, దగ్గు ఉన్నాయా. పుస్తకం కొట్టులోనే ఉంటుంది. చదువు రానివాళ్ళు వచ్చి చెప్తే కొట్టు పిల్లవాడు రాస్తాడు. నాలుగు భాషల్లో ఎంట్రీలు. వాసనలకు కూడా మా పేర్లు మేమే పెట్టుకున్నాం: గుడ్డు వాసన, కాలిన రబ్బరు వాసన, తీపి వాసన, నెయిల్ పాలిష్ వాసన.

రాసింది ఎక్కువగా ఆడవాళ్ళే. చీరలకు లేసు కుట్టేవాళ్ళు, రాళ్ళు అతికించేవాళ్ళు, దారాలు కత్తిరించేవాళ్ళు రాత్రి పొద్దుపోయేదాకా గుమ్మంలో కూర్చుని పనిచేస్తారు. ఏ లారీ ఎప్పుడు వచ్చిందో వాళ్ళకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. కాకపోతే అంతవరకూ వాళ్ళను ఎవరూ అడగలేదు.

ఒక నియమం పెట్టుకున్నాం. ఫలానా పిల్లవాడి దద్దుర్లు ఫలానా నీళ్ళ వల్లే అని రాయకూడదు. అది చెప్పాల్సింది డాక్టరు. మేం చూసింది మాత్రమే రాయాలి. ఏ కంపెనీ పేరూ ఊహించి రాయకూడదు. ఈ నియమం వల్లే ఆ పుస్తకానికి విలువ వచ్చింది.

ఆరు నెలలు గడిచాక పేజీలు తిరగేస్తే ఒక వరస కనపడింది. శనివారం రాత్రి, సెలవు ముందు రాత్రి, గట్టి వాన మొదలైన మొదటి గంట. ఈ మూడు వేళల్లోనే ఎక్కువ. వాన పడితే నీళ్ళు కొట్టుకుపోతాయని, సెలవు రోజు ఎవరూ చూడరని వదిలేవాళ్ళకు తెలుసు. ఇప్పుడు మాకూ తెలిసింది.

ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం కోర్టులో చెల్లాలంటే నీటి నమూనాను అధికారమున్న సిబ్బందే తీయాలి, నోటీసు ఇవ్వాలి, సీసాకు సీలు వేయాలి. మేం సీసాలో పట్టుకున్న నల్ల నీళ్ళు ఎవరికి చూపించినా అది సాక్ష్యం కాదు. చాలామంది కుర్రాళ్ళు ఇక్కడే నిరుత్సాహపడతారు. కానీ అధికారి ఏ రాత్రి, ఎన్ని గంటలకు వస్తే ఆ నమూనా దొరుకుతుందో చెప్పగలిగేది మా పుస్తకమే. మేం ఆ పని చేశాం. ఫిర్యాదుతో పాటు ఆరు నెలల పట్టిక జతచేశాం.

సంతకాల దగ్గర భయం మొదలైంది. ఎవరి పేరు పైన ఉంటే వాళ్ళ ఇంటికి మనిషి వస్తాడు. అప్పటికే ఒకాయన మా నాన్న పనిచేసే చోటికి వచ్చి, "మీ అమ్మాయి పేరు బాగా వినపడుతోంది" అని నవ్వుతూ చెప్పి పోయాడు. నవ్వుతూ చెప్పాడు కాబట్టే మా అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. అప్పుడు మౌసీయే కాగితం మధ్యలో ఒక గిన్నె బోర్లించి గీత గీసింది. ఆ గీత చుట్టూ నలభై ఒక్క సంతకాలు, వేలిముద్రలు. గుండ్రంగా ఉంటే మొదటి పేరు ఏదో చెప్పండి చూద్దాం!

మూడో ఫిర్యాదు తర్వాత ఒక శనివారం రాత్రి నమూనాలు తీసుకున్నారు. కొన్ని వారాలకు ఖాడీ పక్కన తెరిచి ఉన్న మురుగు చాంబరుకు మూత పడింది, దీపం వెలిగింది, పెద్ద బండ్లు లోపలికి రాకుండా ఇనుప అడ్డం వచ్చింది. ఇంతే. దీన్ని గెలుపు అనాలో లేదో నాకు తెలియదు. ట్యాంకరు ఇంకో చోటికి పోయి ఉండొచ్చు. అందుకే పుస్తకం ఇప్పుడు నాలుగు గల్లీల్లో ఉంది.

"మిల్లు మూస్తే మనమేం తింటాం?"

మాకు ఎదురైన కష్టమైన ప్రశ్న బయటివాళ్ళు అడిగింది కాదు. మా నాన్న అడిగింది. "బిడ్డా, మిల్లు మూస్తే బట్టకు రంగు ఎవరు వేస్తారు? రంగు పడకపోతే మా సాంచెలు ఎవరి కోసం నడుస్తాయి?"

నేను చాలా రోజులు జవాబు వెతికాను. మూయమని ఎవరూ అడగడం లేదు, శుద్ధి చేయమంటున్నాం. ఇది మా కోరిక కూడా కాదు, సుప్రీంకోర్టు మాట. గుజరాత్‌కు చెందిన పర్యావరణ సురక్షా సమితి వేసిన కేసులో 2017 ఫిబ్రవరి 22న కోర్టు స్పష్టంగా చెప్పింది. శుద్ధి యంత్రాలు పనిచేసే స్థితిలో ఉంటేనే పరిశ్రమ నడవాలి, అందుకు మూడు నెలల గడువు అని.

"శుద్ధి చేస్తే గిట్టుబాటు కాదు" అనేవాళ్ళకు సూరత్‌లోనే రెండు జవాబులున్నాయి. మొదటిది మా పక్కనే బమరోలీలో ఉంది. నగరం మురుగునీటిని మూడు దశల్లో శుద్ధి చేసి రోజుకు 4 కోట్ల లీటర్ల నీటిని పాండేసరా మిల్లులకు అమ్మే కేంద్రం 2014లో మొదలైంది. మురుగు నగరపాలక సంస్థకు ఆదాయమైంది, మిల్లులకు నీటి కొరత తగ్గింది.

రెండోది పొగకు సంబంధించింది. మీలాంటివారికి అది నాకంటే బాగా అర్థమవుతుంది. 2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి సూరత్‌లో ఒక కొత్త మార్కెట్టు తెరిచింది. పొగలోని సన్నని ధూళి మీద మొత్తం ఇంత అని పరిమితి పెట్టి, ఆ మేరకు పరిశ్రమలకు పర్మిట్లు ఇచ్చింది. తక్కువ పొగ వదిలినవాడు మిగిలిన పర్మిట్లు అమ్ముకోవచ్చు, ఎక్కువ వదిలేవాడు కొనుక్కోవాలి. ధూళి మీద ఇలాంటి మార్కెట్టు ప్రపంచంలో ఇదే మొదటిది. 300కు పైగా పరిశ్రమలను రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని మార్కెట్టులో, రెండో భాగాన్ని పాత పద్ధతిలో ఉంచి చికాగో, యేల్ తదితర విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలు పోల్చి చూశారు. మార్కెట్టులో ఉన్నవాటి ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. మిల్లులు మూతపడలేదు.

ఇదంతా మా నాన్నకు చెప్పాను. ఆయన విని, "అయితే ఖాడీకి కూడా అట్లాంటిదేదో పెట్టమను" అన్నాడు. మా ఇంట్లో నాకు దొరికిన మొదటి మద్దతు అదే.

ముందు మనిషి, తర్వాత మీటింగు

నా స్నేహితులు కొందరు కాలేజీ నుంచి ఉత్సాహంగా వచ్చి, గల్లీలో మీటింగు పెట్టి, ఎవరూ రాలేదని బాధపడి వెళ్ళిపోయారు. మీటింగుకు రాకపోవడానికి కారణం అజ్ఞానం కాదు, అలసట. పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చినవాడికి ముందు నిద్ర కావాలి. మా ఒడియా అన్నలు ఉండే మెస్సుల్లో పగటి షిఫ్టువాళ్ళు లేచిన చోటే రాత్రి షిఫ్టువాళ్ళు పడుకుంటారు. చాప ఒకటే, మనుషులు ఇద్దరు. వాళ్ళ దగ్గరికి పోయి వాతావరణ మార్పు గురించి ఉపన్యాసం ఇస్తే పాపం కదా.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు నేను పన్నెండో తరగతి. ఆ వేసవిలో మా గల్లీ ఆడవాళ్ళు కలిసి వండారు. ఎవరి ఇంట్లో ఏది ఉంటే అది: మాది బియ్యం, పక్కింటి మరాఠీ మావషీది పప్పు, ఇంకొకరివి బంగాళదుంపలు. ఏ సంఘం పేరూ లేదు. రెండేళ్ళ తర్వాత వాసన పుస్తకం మొదలుపెట్టినప్పుడు గుండ్రంగా సంతకాలు చేసింది దాదాపు ఆ వంట చేసినవాళ్ళూ, తిన్నవాళ్ళే. నమ్మకం ముందు గిన్నెలో పుట్టింది, తర్వాతే కాగితం మీదికి వచ్చింది.

అప్పటి నుంచి మా పనికి ఒక వరస ఉంది. వేసవి వస్తే ముందు వేడి సంగతి. రేకుల కప్పు గదులకు పైన తెల్ల సున్నం వేస్తే లోపల కొన్ని డిగ్రీల వేడి తగ్గుతుంది. ఏటా హోళీ తర్వాతి ఆదివారం ఆ పని. మెస్సుల గోడల మీద నాలుగు భాషల్లో రాశాం: లీటరు కాచిన నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఒంటరిగా ఉండే కుర్రాడికి జ్వరం వస్తే రోజుకు రెండుసార్లు ఎవరు చూసి రావాలో వంతులు ఉన్నాయి.

ఇంకొకటి పొదుపు. మన ఊళ్ళలో డ్వాక్రా సంఘాల సంగతి మీకు చెప్పాలా? మా అమ్మకు ఆ పద్ధతి తెలుసు. వారానికి ఇరవై రూపాయలు, పుస్తకంలో ఎంట్రీ, ఆసుపత్రి ఖర్చుకు మాత్రమే అప్పు. మొదట్లో ఆ డబ్బు బియ్యం డబ్బాలో ఉండేది. అద్దె గదుల్లో ఉండేవాళ్ళకు చిరునామా కాగితాలు ఉండవు, అందుకని బ్యాంకు గుమ్మం ఎక్కడానికే జంకు. ఒక శాఖలో ఒక ఆఫీసరు గారు మా వాళ్ళను కూర్చోబెట్టి, కాగితాలు లేనివారికి ఫొటో, సంతకంతోనే తెరిచే "చిన్న ఖాతా" ఉంటుందని, యాభై వేలకు మించి నిల్వ ఉండకూడదని, ఏడాదిలోగా కాగితాలకు దరఖాస్తు పెట్టుకుంటే మరో ఏడాది సాగుతుందని ఓపికగా చెప్పారు. మీకిది రోజూ చూసే నిబంధన. మా గల్లీలో అది పెద్ద వార్త.

పర్యావరణానికీ దీనికీ ఏం సంబంధం అని అడగొచ్చు. ఆసుపత్రి ఖర్చుకు దళారీ దగ్గర అప్పు చేసినవాడు, ఆ దళారీకి తెలిసినవాడి ట్యాంకరు మీద సంతకం చేయడు. సంబంధం అదే.

బతుకమ్మను ఏ నీళ్ళలో వదలాలి?

బతుకమ్మ పండగకు మా తెలుగువాళ్ళందరం కలుస్తాం. గుజరాతీలు పక్క మైదానంలో గర్బా ఆడతారు, మేం పూల చుట్టూ ఆడతాం. ఆట అయ్యాక పూలను నీళ్ళలో వదలాలి. మా అమ్మ చిన్నప్పుడు చెరువులో వదిలేదట. మాకు దగ్గరున్నది ఖాడీ. ఒక ఏడాది మా చిన్నమ్మ కూతురు, ఎనిమిదేళ్ళది, పూల పళ్ళెం పట్టుకుని ఒడ్డున ఆగిపోయింది. "ఈ నీళ్ళలోనా, అక్కా? పాపం బతుకమ్మ" అంది.

చుట్టూ ఉన్న పెద్దవాళ్ళం ఎవరం మాట్లాడలేదు. ఆ రాత్రి పూలు ఇంటికి తెచ్చుకున్నాం. మరుసటి ఏడాది, సూరత్‌లో వినాయకుల కోసం నగరపాలక సంస్థ చేసే కృత్రిమ కుంటలను చూసి, మేమూ మైదానం మూలన చిన్న గుంట తవ్వి టార్పాలిన్ పరిచి నీళ్ళు పోశాం. తర్వాత ఆ పూలన్నీ ఎరువు చేసి కుండీల్లో వేశాం. మంచి పనే. అయినా మా అమ్మ ఒక మాట అంది: "గుంట ఎన్ని ఏళ్ళు తవ్వుతరు? వాగు బాగుపడాలె గదా." ఎరువు కుండీలతో సంతోషపడి ఊరుకోకుండా ఉండటానికి ఆ మాట మాకు అవసరమైంది.

మన వాళ్ళు నడిచిన దారి

2018లో స్వీడన్‌లో పదిహేనేళ్ళ గ్రెటా థున్‌బెర్గ్ పార్లమెంటు ముందు అట్ట పట్టుకుని కూర్చున్న ఫొటో చూసి నా వయసువాళ్ళం చాలామంది కదిలాం. కానీ మన భాషలో మాట్లాడేవాళ్ళలోనూ ఇలాంటివారు ఉన్నారని నాకు తర్వాత తెలిసింది.

హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో డాక్టర్ అల్లాణి కిషన్‌రావు గారు ఉండేవారు. తన దగ్గరికి వచ్చే పల్లెవాళ్ళ జబ్బులు పెరగడం గమనించి, వాటికీ పరిశ్రమల నీళ్ళకూ సంబంధం వెతికి, దశాబ్దాల పాటు పోరాడారు. వైద్యం చేస్తూనే పోరాడారు, పోరాటం కోసం వైద్యం మానలేదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూములను థర్మల్ కేంద్రానికి ఇవ్వబోమని రైతులు, మత్స్యకారులు నిలబడ్డారు. 2010 జులై 14న కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్య గారు సైకిలు మీద తిరుగుతూ విత్తనాలు చల్లి, మొక్కలు నాటి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 2025 ఏప్రిల్‌లో కన్నుమూసేదాకా అదే పని.

ముగ్గురివీ మూడు దారులు. ఒకరిది మందుల చీటీ, ఇంకొకరిది పొలం గట్టు, మరొకరిది విత్తనాల సంచి. ఎవరికి చేతనైన పనిముట్టుతో వాళ్ళు మొదలుపెట్టారు. మా చేతిలో ఉన్నది ఇరవై రూపాయల నోటుపుస్తకం.

అలసట గురించి కూడా ఒక మాట. ఈ పనిలో నా వయసువాళ్ళు త్వరగా వాడిపోతారు. చదువు, ఉద్యోగం, ఇంట్లో పెళ్ళి మాటలు, మధ్యలో ఇది. అందుకే మేం పుస్తకం చూసే బాధ్యతను మూడు నెలలకొకసారి మారుస్తాం. వంతు లేనివాళ్ళు సినిమాకు పోవచ్చు, తప్పు పట్టకూడదు. ఒక్కరి మీద నిలబడిన పని ఆ ఒక్కరికి జ్వరం వస్తే పడిపోతుంది.

మీకు నా మనవి

మీరు బ్యాంకువాళ్ళు, బ్యాంకువాళ్ళ కుటుంబాలు. చెట్లు నాటండి అని మీకు చెప్పను, మీరు నాటుతూనే ఉన్నారు. మూడు మనవులు మాత్రం చేస్తాను.

మొదటిది, అప్పు ఫైలు గురించి. రంగుల మిల్లుకో, రసాయన యూనిట్‌కో అప్పు ఇచ్చేటప్పుడు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రం మీ ఫైలులో ఉంటుంది. యూనిట్ చూడటానికి వెళ్ళినప్పుడు స్టాకు లెక్కతో పాటు ఒకసారి శుద్ధి యంత్రం దగ్గరికి కూడా నడవండి. అది తిరుగుతోందా, దాని కరెంటు బిల్లు వస్తోందా అని అడగండి. మా నలభై ఒక్క సంతకాల కంటే మీ ఒక్క ప్రశ్నకు బరువెక్కువ. మీకూ లాభమే. రేపు ఆ యూనిట్‌కు మూసివేత ఉత్తర్వు వస్తే మొండి బకాయి అయ్యేది మీ అప్పే.

రెండోది, కౌంటరు గురించి. రేకుల గదుల నుంచి వచ్చే ఆడవాళ్ళు మీ ముందు నిలబడి తడబడితే రెండు నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. ఆ రెండు నిమిషాలు మాకు ఎంత దూరం పనికొచ్చాయో ఇప్పుడే చెప్పాను.

మూడోది పిల్లలకు. మీ వీధిలో ఒక నెల రోజులు ఏదో ఒకటి రాయండి. కాలువ రంగో, పిచ్చుకల లెక్కో, కుళాయి వచ్చిన వేళో. నెల తిరిగేసరికి మీ వీధి గురించి మీ నాన్నగారికి తెలియని సంగతి మీకు తెలుస్తుంది. అప్పుడు ఆయన మీ మాట వింటారు. ఇది నేను అనుభవంతో చెప్తున్నాను!

మా ఖాడీ ఇంకా నల్లగానే ఉంది. మా పుస్తకంలో నిన్న రాత్రి ఎంట్రీ కూడా ఉంది: పదకొండున్నర, పడమటి గాలి, రబ్బరు వాసన. ఉదయం దాన్ని చదివి, ఫిర్యాదు పంపే ఇక్కడికి వచ్చాను. రాబోయే బతుకమ్మకు మీరందరూ కుటుంబాలతో మా వడోద్‌కు రండి. భేస్తాన్ స్టేషన్‌లో దిగి ఎవరినడిగినా దారి చెప్తారు. సత్తుపిండి, మలీద మా అమ్మ చేతివి. ఖాడీ ఒడ్డుకు మాత్రం నేనే తీసుకెళ్ళి చూపిస్తాను.

 పిల్లలూ, ఇక సమోసాలు రావచ్చు.